అగ్గి తెగులు రాని ఏడు

పైరుకు తెగులు రావాలని కోరుకుంటూ ముప్పై ఏళ్ళకు పైగా జీతం తీసుకున్నవాణ్ణి నేను. వరిలో అగ్గి తెగులును తట్టుకునే రకాలను పుట్టించడం నా ఉద్యోగం. తెగులు రాకపోతే ఏ మొక్క తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో తెలిసే మార్గం లేదు. కనుక మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, కొండ మీది నుంచి చలి దిగే రోజుల్లో, రైతులందరూ ఆకు మీద నిలిచి తెగులు తెచ్చే మంచు తగ్గాలని దండం పెట్టుకుంటుంటే, నాలాంటివాడు ఇంకాస్త కురవాలని ఎదురుచూస్తాడు. తమిళనాట మంసాపురం దగ్గర కౌలుకు వరి పండించిన మా నాన్నగారికి ఈ సంగతి నేనెన్నడూ విడమరచి చెప్పలేదు. మా వంశంలో కళాశాల మెట్లెక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. కొడుకు పైర్లకు వైద్యం చేస్తాడని ఆయన ఊళ్ళో చెప్పుకునేవారు. నేను ఆ మాటను సరిదిద్దలేదు.

ఇలా సగం చెప్పి ఊరుకునే అలవాటు వల్ల ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పునూ, దాన్ని దిద్దుకున్న తీరునూ ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా అడుగుపెడుతున్న పిల్లలకు పనికిరావచ్చు.

నా పదవీ విరమణకు రెండేళ్ళకు పైబడి గడువున్నప్పటి మాట. పన్నెండేళ్ళుగా చేస్తూ వచ్చిన సంకరణాల్లో చివరికి రెండు వరసలు మిగిలాయి. వాటిని సంఖ్యలతోనే పిలిచేవాళ్ళం. పద్నాలుగు సన్నగింజ. వండితే మెతుకుకు మెతుకు అంటదు. ఇరవైరెండు మోటు గింజ. ఏదో కొండజాతి వరి పోలికలు దానిలో ఎక్కువ. పద్నాలుగు మీద నాకు మమకారం ఉండేది. దాని తల్లి మొక్క పువ్వులను కత్తెరతో విప్పింది నేను, తండ్రి మొక్క పుప్పొడిని తెచ్చి దులిపింది నేను. కార్యాలయంలో దాన్ని "సార్ గారి అబ్బాయి" అని వెక్కిరించేవారు. ఇరవైరెండును పరీక్షలో పెట్టడానికి కారణం ఒక్కటే: మడిలో ఇంకొక వరసకు చోటు మిగిలింది.

మా పరిశోధన కేంద్రంలో, నారు దశ పరీక్షలో, రెండూ బాగానే నిలిచాయి. కానీ రైతు పొలంలో నిలిచినట్టు చూపితే తప్ప రకాన్ని విడుదలకు పంపడం కుదరదు. కొండ పాదాన మంచు బాగా దిగే చోటు కావాలి. సేత్తూరు దారిలో, రోడ్డును ఆనుకుని ఉన్న ఒక మడి సరిగ్గా సరిపోయింది. రాజపాళయంలో, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక పాత కుటుంబపు పెద్దాయనది ఆ మడి. నూలు మిల్లు వ్యవహారాలు కొడుకులకు అప్పగించి, ఎనభైకి దగ్గరపడుతున్నా రోజూ మోపెడ్ మీద పొలానికి వచ్చే మనిషి.

ఆయన ఇంటి వరండాలో కూర్చున్నప్పుడు నేను చెప్పవలసిన మాటలు ఇవి: "అయ్యా, మీ మడిలోకి అగ్గి తెగులు తెప్పించాలి. మా వరసల చుట్టూ, తెగులు సులభంగా పట్టే పాత రకాన్ని నాటుతాం. అది మాడిపోవాలి. దాని మీది నుంచి తెగులు మా వరసలకు సోకాలి. అందుకోసం యూరియా కూడా ఎక్కువగా వేస్తాం." అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఎదురుగా మడత నలగని తెల్లచొక్కాతో కూర్చుని, తన చేత్తో నాకు కాఫీ అందించిన మనిషితో, మీ తాతగారు కొన్న మడిని మాడుస్తానని ఎలా అనడం? మా నాన్నగారు ఇలాంటి వరండాల మెట్ల కింద నిలబడి మాట్లాడినవారు. నాకు అక్కడ కుర్చీ వేయడమే కొత్తగా ఉంది. "కొత్త రకాలను పరీక్షించాలండీ" అని మాత్రం అన్నాను. లేచేటప్పుడు, మర్యాదగా ఉంటుందని మరొక వాక్యం కలిపాను. "మా పైరును మీ సొంత పైరులాగా చూసుకోండి."

"అది మీరు చెప్పవల్నా సార్?" అన్నారాయన. "నా వయల్లో దిగిన పైరు నా ఇంటికి వచ్చిన చుట్టం మాదిరి."

నేను సంతోషంగా బస్సెక్కాను.

ఐప్పసిలో, దీపావళి వచ్చే నెలలో, నాట్లు పడ్డాయి. వారానికొకసారి తొమ్మిదిన్నర బస్సుకు వచ్చి వరసవరసకూ అంకె వేసుకుని వెళ్ళేవాణ్ణి. మచ్చ లేనిదానికి సున్న, పూర్తిగా మాడినదానికి తొమ్మిది. ఈ లెక్కలో గుర్తుంచుకోవలసిన విషయం ఒక్కటే. చుట్టూ నాటిన పాత రకానికి ఏడో ఎనిమిదో పడితేనే లోపలి వరసల అంకెలకు విలువ. అది మాడకపోతే మడిలోకి తెగులే రాలేదని అర్థం. ఆ సంవత్సరం పద్నాలుగుకు సున్న వేశాను. ఇరవైరెండుకు సున్న. పాత రకానికి రెండు.

ఆ రెండు దగ్గర నా కలం ఆగవలసింది. రోడ్డు అవతల వేరేవాళ్ళ మడిలో గట్టు వారన మచ్చలు కనిపిస్తూనే ఉన్నాయి. మా ఊరి మిల్లుల్లో తిరిగే నూలు కండె ఆకారంలో, కొసలు సన్నగా, నడుమ బూడిద రంగుతో, చదువుకున్న పుస్తకంలోని బొమ్మలాగే ఉన్నాయి. అయినా "ఈ సంవత్సరం మంచు తక్కువ" అని పుస్తకంలో రాసుకున్నాను. మనకు నచ్చిన ఫలితం వచ్చినప్పుడు వాతావరణం కూడా మన పక్షానే సాక్ష్యం చెబుతుంది. నివేదిక పంపాను. మా కేంద్రం అధిపతి నాకంటే వయసులో చిన్నవారు. ఫోను చేసి, "మీ అబ్బాయి పాసయ్యాడు సార్" అన్నారు. తై నెల మొదట్లో, సంక్రాంతి వెళ్ళగానే, పరిశీలక బృందాన్ని మడికి పిలవడానికి తేదీ కూడా పెట్టించారు.

బృందం రావడానికి పది రోజులున్నాయనగా, ఒంట్లో బాగాలేని మా మేనత్తను చూడటానికి రాజపాళయం వచ్చి ఆ పూట అక్కడే ఉండిపోయాను. మర్నాడు తెల్లవారుతుండగా ఆమె కొడుకు బండి తీసుకుని మడికి వెళ్ళాను. గట్టు గడ్డిలో నాలుగడుగులు వేయగానే చెప్పులూ ప్యాంటు అంచులూ తడిసిపోయాయి. రోడ్డు అవతలి మడిలో ప్రతి ఆకు కొసనా బొట్టు నిలిచి ఉంది. మా మడిలోకి దిగి వరసల మధ్య నడిచాను. మోకాళ్ళ దాకా తడవవలసిన ప్యాంటు తడవలేదు. వంగి ఆకులు పట్టుకుని చూశాను. పొడిగా ఉన్నాయి.

తలెత్తితే, మడికి అవతలి చివర ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ లావుపాటి తాడును చెరొక కొస పట్టుకుని నడుస్తున్నారు. తాడు పైరు తలల మీదుగా జారుతోంది. అది దాటిన చోటల్లా మంచు జల్లులా మడినీళ్ళలోకి రాలుతోంది. ఆమె పెద్దాయన పొలంలో నాట్ల ముఠాకు పెద్ద. తాడు రెండో కొస పట్టుకున్నది ఆమె భర్త.

"ఏమి సార్, ఇంత పొద్దున్నే వచ్చినారు?" తాడు వదలకుండానే పలకరించింది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"మంచు దించుతా ఉండాము. కోడి కూసినప్పుడు ఒక తడవ, ఎండ పొడిచే ముందర ఒక తడవ. నాట్లు పడిన పదైదో రోజు నుంచి ఒక్క రోజు విడిచింది లేదు. కార్తిగై దీపం నాడు కూడా వచ్చినాము."

"ఎవరు చెప్పారు?"

"పెద్దయ్య దానే! వాళ్ళ తాత కాలం నుంచి అగ్గి రాకుండా ఇట్లే కదా చేసేది. ఆఫీసరు పైరు, ఒక్క మచ్చ రాకూడదు అన్నారు. మచ్చ ఆకు కనబడితే గిల్లి తీసకపోయి పొయ్యిలో వేస్తా ఉండాను. మొదట్లో ఓరం వరసల్లో శానా వచ్చింది సార్. ఇప్పుడు చూడండి, పెండ్లికూతురు మాదిరి ఉండాది!"

ఆమె భర్త అందుకున్నాడు. "నా కూతురి పెండ్లికి కూడా ఇట్లా పాటుపడలేదు సార్ ఇది."

నాకు కోపం రాలేదు. తడి గట్టు మీదే కూర్చున్నాను. కాసేపటికి పెద్దాయన మోపెడ్ ఆగింది.

"ఏమైంది సార్? మొకం అట్లా ఉండాదే?"

వరండాలో మింగేసిన మాటలన్నీ అప్పుడు చెప్పాను. పాత రకం ఎందుకు నాటామో, యూరియా ఎందుకు వేశామో, నాకు మంచు ఎందుకు కావాలో, అన్నీ. ఆయన మోపెడ్ దిగకుండానే విన్నారు.

"అయితే నోయి రావల్నని దానా నా వయలు అడిగినారు?"

"అవునండీ, తెగులు కోసమే."

"ఆ పొద్దు కాఫీ తాగేటప్పుడు ఈ నోరు ఎక్కడ పెట్టినారు?"

నేను గట్టు మీది నుంచి లేచి నిలబడ్డాను.

"సొంత పైరు మాదిరి చూసుకోమన్నారు. చూసుకున్నాను. సొంత పైరుకు ఎవడైనా నోయి తెచ్చుకుంటాడా? నేను పట్టిక్కాటువాణ్ణి, నాకు తెలీదు. చదివినవాళ్ళు, మీరు కదా చెప్పవల్ల!"

పల్లెటూరివాణ్ణని ఆయన తనను తాను అనుకున్నా, దెబ్బ తగిలింది నాకే.

ఆ మధ్యాహ్నం అధిపతికి ఫోను చేశాను. ఆయన తమిళంలో నెమ్మదిగా చెప్పారు. "సార్, కేంద్రంలో నిలిచిందే కదా. బృందం వచ్చేసరికి పది దాటుతుంది. అప్పటికి ఏ మడిలోనూ మంచు ఉండదు. తాడు సంగతి ఎవరికి తెలుస్తుంది? మీకు మిగిలింది రెండేళ్ళు. ఈసారి తప్పితే మీరు ఉద్యోగంలో ఉండగా మీ రకం బయటికి రాదు." ఆయన చెడ్డ మనిషి కాదు. నా మంచి కోరే అన్నారు. ఆయన వేసిన లెక్క కూడా తప్పు కాదు.

నిజం చెప్పాలంటే, మూడు రోజులు నేను మౌనంగా ఉండాలనే నిర్ణయించుకున్నాను. పన్నెండేళ్ళ శ్రమ, మా ఇంటి మొదటి పట్టభద్రుడి పేరు మీద ఒక వరి రకం, ఇవి చిన్న ఆశలు కావు. నాలుగో రోజు తళవాయిపురం నుంచి ఒక రైతు కేంద్రానికి వచ్చి పద్నాలుగు గురించి అడిగాడు. "అగ్గి రాదంట కదా సార్, మరుందు కొట్టే పని లేదంట కదా?" అన్నాడు. నేను పుట్టించిన రకాన్ని నమ్మి అతను మందు కొట్టడు. తాడు పట్టుకుని తెల్లవారుజామున నడవడు. అది తట్టుకుంటుందో లేదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. మా ఇద్దరిలో తెలియదని తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే.

"ఇంకా ఖాయం కాలేదు" అని చెప్పి పంపించాను. పద్నాలుగు గురించి ఆ ఏడు రైతుతో నేను పలికిన మొదటి పూర్తి వాక్యం అది.

బృందం వచ్చింది. దాని నాయకురాలు మొక్కల తెగుళ్ళలో పేరున్న శాస్త్రవేత్త. ఆమె ముందు మాట్లాడటానికి మా అధిపతి కూడా ఒకసారి గొంతు సవరించుకునేవారు. ఆమె వరసల మధ్య నడిచి, పద్నాలుగు దగ్గర ఆగి, "చాలా శుభ్రంగా ఉంది" అన్నారు.

"మేడమ్, ఈ పరీక్ష చెల్లదు" అన్నాను. "మడిలోకి తెగులు రాలేదు. ఏర్పాటులో పొరపాటు జరిగింది. ఆ పొరపాటు నాది."

తాడు మాట ఎత్తకూడదని, పెద్దాయనను ఎవరి ముందూ చిన్నబుచ్చకూడదని అనుకుని వచ్చాను. కానీ గట్టు మీద నిలబడిన ఆయన, మోపెడ్ మీది నుంచి తాడు చుట్ట తీసి మా కాళ్ళ దగ్గర పడేశారు.

"పొరపాటు ఏమి, దీంతో దినమూ మంచు దించింది నేను" అన్నారు. "ఎందుకు దించినానో ఈయన చెప్పడు, మరియాద చూస్తాడు. నేను చెబుతాను. ఈయన నాకు నిజం చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ తాడు ఇంట్లో ఉండేది."

నాయకురాలికి తెలుగు రాదు. మా అధిపతి తమిళంలో చెప్పారు. ఒక్క మాట కూడా తగ్గించకుండా చెప్పారు, అందుకు ఆయనకు ఈనాటికీ కృతజ్ఞుణ్ణి. ఆమె తాడును కాదు, నన్ను చూశారు.

"పాత రకానికి ఎంత వేశారు?"

"రెండు."

"రెండు వేసిన రోజు ఏమనుకున్నారు?"

"మంచు తక్కువ అనుకున్నాను."

"అనుకోలేదు. మీకు అలా కావలసివచ్చింది" అని నా అంకెల పుస్తకం మూసి చేతికిచ్చారు. ఆ సంవత్సరపు జాబితాలో నుంచి రెండు వరసలనూ కొట్టేశారు.

వాళ్ళ వాహనం వెళ్ళిన తరువాత పెద్దాయన తాడు చుట్టుకుంటూ అన్నారు. "వచ్చే ఏడు కూడా ఇదే వయల్లో వేయండి. ఈసారి నోయి ఎట్లా వస్తుందో నేనూ చూస్తాను."

ఆయన మాట మీద నిలబడటం ఎంత కష్టమో నాకు మరుసటి మార్గళిలో అర్థమైంది. పక్కవాళ్ళ పైర్లకు సోకకూడదని మా మడి చుట్టూ ఉన్న తన పొలమంతా ఆయన ఆ ఏడు మొక్కజొన్న వేశారు. నడుమ మా మడి మాత్రం మాడుతోంది. పాత రకం మొదట మచ్చలు పడి, తరువాత ఎర్రబడి, సంక్రాంతి దగ్గరపడేసరికి నిజంగా నిప్పంటుకున్నట్టే అయింది. రోడ్డు మీద పోయే ప్రతి బస్సులో వాళ్ళకూ అది కనిపించేది. ఆ ఇంటివాళ్ళ పొలంలో తెగులు ఊరు ఎన్నడూ చూడలేదు. ఒకరోజు నా ఎదుటే, సైకిలు మీద పోతున్న ఒక ముసలి రైతు ఆగి అరిచాడు.

"ఏమి పెద్దయ్యా, తాడు తెగిపోయిందా? లేకపోతే నేను తెచ్చి ఇస్తాను!"

"తాడు ఉండాదిరా! పైరు పరీక్ష రాస్తా ఉంది. పక్కన నిలబడి చెప్పి ఇచ్చేది తప్పు!" అని పెద్దాయన అరిచారు. అతను వెళ్ళాక నాతో మెల్లగా అన్నారు. "అసింగంగా ఉండాది సార్. ఇంట్లో కోడలు కూడా అడిగింది, మామా మన వయలు ఏమి అట్లా అయిపోయింది అని. ముగించండి త్వరగా."

నాట్ల ముఠా పెద్ద మాత్రం మడి వైపు చూడటమే మానేసింది. "నా వల్ల కాదు సార్, చెయ్యి ఊరుకోదు" అని మొక్కజొన్న వైపే పని పెట్టుకుంది.

ఆకుల దశలో పద్నాలుగుకూ ఇరవైరెండుకూ ఒకటే పడింది. చుట్టూ ఎనిమిది ఉండగా లోపల ఒకటి! ఆ వారం నేను ఎవరితోనూ చెప్పుకోలేనంత సంతోషంగా ఉన్నాను. అయితే అగ్గి తెగులుకు రెండో దాడి ఉంది. కంకి పైకి వచ్చాక మెడ దగ్గర పడుతుంది. మెడ నల్లబడి కంకి విరిగి వేలాడుతుంది, గింజ తాలుబోతుంది. మొదటి ఏడు తాడు లాగడం వల్ల ఆ దశను మేము చూడనే లేదు.

చివరి అంకెలు వేసే రోజు పెద్దాయన నా వెనకే నడిచారు. రెండేళ్ళలో సున్న నుంచి తొమ్మిది దాకా ఆయనకూ కంఠతా వచ్చింది. నాకంటే ముందే అంకె పలికేవారు. నేను సరిచూసి రాసుకునేవాణ్ణి. ఒక్కటీ తప్పలేదు. పద్నాలుగు దగ్గరికి వచ్చాం. నేను ముందుగా ఆకులే చూశాను. పచ్చగా ఉన్నాయి. తరువాత కంకులు చూశాను. తెల్లగా, తేలికగా, వరస పొడుగునా తల వాల్చి ఉన్నాయి. ఒకటి పట్టుకుంటే మెడ దగ్గర తెగి చేతిలోకి వచ్చింది.

పెద్దాయన అంకె చెప్పలేదు. నేనే కలం తీసి ఏడు వేశాను. ఆయన నా భుజం మీదుగా పుస్తకంలోకి చూశారు.

"తొమ్మిది, సార్."

"అక్కడక్కడా గింజ పట్టిందండీ."

"ఎక్కడ? చూపించండి."

ఇద్దరం వెతికాం. ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాం. గింజ పట్టిన కంకి ఒక్కటీ దొరకలేదు.

"మీ బిడ్డ అని చూడకుండా రాయండి" అన్నారు, గొంతు చాలా తగ్గించి.

ఏడు కొట్టేసి తొమ్మిది వేశాను. దిద్దినచోట పొట్టి సంతకం చేశాను.

ఇరవైరెండు దగ్గరికి నాలుగడుగులు. మోటు కంకులు బరువుగా వంగి, మెడలు ఆకుపచ్చగా ఉన్నాయి. పెద్దాయన కంకి ఒకటి నలిపి, గింజ నోట్లో వేసుకుని నమిలి, "మా ఇంట్లో ఎవురూ తినరు దీన్ని" అన్నారు. "అయినా నిలబడినాదే! ఒకటి. రాయండి."

సాయంత్రం అధిపతికి అంకెలు చదివి వినిపించాను. ఆయన, "పోయిన ఏడు నేనన్న మాట మరిచిపోండి సార్" అన్నారు. మరిచిపోలేదు. ఆ మాట విని ఉంటే ఈ పాటికి ఎంతమంది మడుల్లో తెల్ల కంకులు చేతికి వచ్చేవో అప్పుడప్పుడు ఊహించుకుంటాను. నా పనిలో నేను గర్వపడేది పుట్టించిన రకాన్ని గురించి కొంత, ఆపిన రకాన్ని గురించి ఎక్కువ. ఇరవైరెండు విడుదలయ్యేసరికి నేను పదవిలో లేను. దాని పేరు, నా సంతకం లేని కాగితం మీద వచ్చింది. ఆ కాగితాన్ని మా నాన్నగారి ఫోటో కింద అద్దంలో పెట్టించాను.

మొన్నటి మార్గళిలో సేత్తూరు బస్సులో వెళుతున్నాను. కిటికీలోంచి ఒక మడి ఎర్రగా, దాని పక్కది పచ్చగా కనిపించాయి. పక్క సీటులోని రైతును, ఆ పచ్చనిది ఏ రకమని అడిగాను.

"అది మోటు నెల్లు సార్. అగ్గి రాదు. నేనూ అదే వేసినాను."

సాధారణంగా నేను చెప్పుకునేవాణ్ణి కాను. ఆ రోజు చెప్పాను. "దాన్ని పుట్టించింది నేనే."

ఆయన నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూశాడు. "అట్లనా! మంచి పని చేసినారు సార్. కానీ కొంచెం రుచి కూడా పెట్టి ఉండకూడదా?"

"రుచి ఉన్నదొకటి ఉండేది" అన్నాను. "దానికి నా చేత్తోనే తొమ్మిది వేశాను."